పేలికలు పారేసిన వేసవి

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఒక్కటే. అప్పట్లో నాకు రాయడం రాదు. యాభై రెండో ఏట లైబ్రరీలో పెద్దవాళ్ళకి పెట్టిన క్లాసులో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత మా మరదలి దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. ఈ మాట ఎవరికైనా చెబితే చాలు, వెంటనే మొహం దీనంగా పెట్టి "అయ్యో, చిన్నప్పుడు మిమ్మల్ని చదివించలేదా?" అంటారు. చదివించారు. బడికి పంపితే నేను మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ ఇంట్లో కూర్చునేదాన్ని. పలక మీద గీతల కంటే గుడ్డ మీద గీతలు నాకు నచ్చాయి. పెద్దయ్యాక కొన్నాళ్ళు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ముదిరి పొగరైంది. సిగ్గు కంటే పొగరు ఎక్కువ కాలం మన్నింది. జాలిపడే అలవాటున్నవాళ్ళకి ఇందులో పనికొచ్చేది ఏమీ లేదు.

ఆ పొగరు ఒక వేసవిలో పోయింది. ఆ వేసవి నేను చేసిన తప్పు, రెండు వారాలు షాపు మూసి విశ్రాంతి తీసుకోవడం.

మా తమ్ముడు డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో ఇంజనీరు. నా భర్త పోయాక, డెబ్బై ఎనిమిదిలో, నన్ను ఫార్మింగ్టన్ హిల్స్ తీసుకొచ్చాడు. నాకు పిల్లల్లేరు. వాళ్ళ బేస్‌మెంట్‌లో మిషను పెట్టుకుని మన ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. అప్పట్లో ఒక్కొక్కరు ఇండియా వెళ్ళి ఇరవై జాకెట్లు కుట్టించుకొచ్చేవారు. ఆరు నెలలు తిరిగేసరికి ఒక్కటీ పట్టేది కాదు. తప్పు జాకెట్టుదే అన్నట్టు నా దగ్గరికి తెచ్చేవారు. అలా మూడేళ్ళు గడిచాక డోనట్ల కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఒక చిన్న షాపు అద్దెకి తీసుకున్నాను. అమెరికావాళ్ళకి ప్యాంట్ల అంచులు మడిచి కుట్టేదాన్ని. మనవాళ్ళకి జాకెట్లు, చీరలకి ఫాల్సు.

చదువు రాని మనిషి కొలతలు ఎక్కడ రాసుకుంటుంది? నాకు నేర్పిన ఆవిడ పద్ధతే నాదీ. ఎవరైనా మొదటిసారి కొలతలివ్వడానికి వస్తే, వాళ్ళ జాకెట్టు గుడ్డలోనే మిగిలిన ముక్క నుంచి వేలెడు వెడల్పున ఒక పొడుగాటి పేలిక చింపేదాన్ని. ఒక కొసన ముడి. ఆ ముడిని ఒంటి మీద ఆనించి, భుజం ఎంతో అక్కడ అంచుకి చిన్న గాటు. చెయ్యి పొడుగు ఎంతో అక్కడ రెండు గాట్లు. రెండో అంచున ఛాతీ చుట్టుకొలతలో సగానికి ఒకటి, నడుములో సగానికి రెండు. ఒక భుజం పల్లంగా ఉంటే అక్కడ నల్లదారం కుట్టు. పేలిక రంగే మనిషి పేరు. గోడంతా మేకులు కొట్టి వాటికి వేలాడదీసేదాన్ని. నూట ముప్పైకి పైగా ఉండేవి.

అందుకే నేను ఎవరినీ ఆది జాకెట్టు అడగలేదు. దర్జీలందరూ అడుగుతారు, ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి నమూనాకి తెమ్మని. నేను అడగనని ఊరంతటికీ తెలుసు. తెలిసేలా నేనే చేశాను. ఒక దీపావళికి, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో, ప్లేటు చేత్తో పట్టుకుని, ఇరవై మంది వినేలా అన్నాను: "ఒకసారి చూసిన ఒళ్ళు మర్చిపోయేవాళ్ళు కత్తెర ఎందుకు పట్టుకోవాలండీ?" అందరూ నవ్వారు. అక్కడే ఉన్న ఇంకో కుట్టుపనావిడ నవ్వలేదు. నాకు అది కూడా బాగుంది.

ఇక విశ్రాంతి సంగతి. జూలైలో కొత్త మోడలు కోసం కార్ల ఫ్యాక్టరీలు రెండు వారాలు మూస్తారు. షట్‌డౌన్ అంటారు. గేటు మూసిన మర్నాడే ఊరంతా ఒక్కసారి అలిసిపోతుంది. అంతకుముందు రోజు దాకా ఎవరికీ నడుము నొప్పి ఉండదు. గేటు తెరవగానే అందరికీ నయం. వేళకి ఆకలేసే మనుషుల్ని చూశాను గానీ, కంపెనీ నోటీసు పెట్టిన రోజునే అలిసే మనుషుల్ని ఇక్కడే చూశాను.

ఆ ఏడు జూన్ చివర్లో ఒక డాక్టరమ్మ షాపుకి వచ్చింది. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవులకి కూతురి పెళ్ళి. కంచి నుంచి తెప్పించిన పట్టు గుడ్డలు పదకొండు నా బల్ల మీద పెట్టింది. ఐదు తనకి, ఆరు పెళ్ళికూతురికి. పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, నా మొహంలోకి రోగిని చూసినట్టు చూసింది.

"అక్కయ్యా, మీరసలు వెకేషన్ తీసుకుంటారా?"

"ఎందుకండీ?"

"ఎందుకేంటండీ! బాడీకి రెస్ట్ కావాలి. నేనైతే ప్రతి సమ్మర్ టోటల్‌గా స్విచ్ ఆఫ్. హాస్పిటల్ గురించి ఒక్క మాట కూడా మాట్లాడను."

"మరి ఈ పదకొండు?"

"రెస్ట్ తీసుకుని వచ్చి కుట్టండి. మేమిద్దరం ఇండియా వెళ్తున్నాం, జ్యువెలరీ షాపింగ్‌కి. పెళ్ళికి మూడు రోజుల ముందు వస్తాం. రాగానే వేసుకునేలా ఉండాలి. కొలతలు మీ దగ్గరున్నాయిగా!"

ఎదుటి మనిషి ముందు పదకొండు పట్టు జాకెట్లు కుప్పపోసి విశ్రాంతి తీసుకోమనడానికి ఎంత చదువు కావాలో. ఆవిడ వెళ్ళాక మా తమ్ముడు అదే పాట అందుకున్నాడు. ఫ్యాక్టరీలో వాడి ఉద్యోగం స్టాప్‌వాచీ పట్టుకుని పనివాళ్ళ పక్కన నిలబడటం. ఎవడి చెయ్యి ఎన్ని సెకన్లు వృథాగా కదిలిందో రాసుకుని వస్తాడు. ఏడాదికి యాభై వారాలు ఒకడి క్షణం వృథా కాకుండా చూసేవాడు మిగిలిన రెండు వారాలూ విశ్రాంతి గురించి ఉపన్యాసాలిస్తాడు.

"అక్కా, షట్‌డౌన్‌లో నీ షాపుకి ఎవరొస్తారు చెప్పు? క్లోజ్ చేసెయ్. నార్త్‌లో లేక్ పక్కన కాటేజీ బుక్ చేశా."

"నేను లేక్ చూసి ఏం చెయ్యాలిరా?"

"ఏం చెయ్యకూడదు. అదే పాయింట్."

నిజానికి ఆ రెండు వారాలూ షాపు ఖాళీయే. నా కుడి మోకాలు మిషను తొక్కి తొక్కి వాచి ఉంది. పెళ్ళికి ఆగస్టు నెలంతా ఉంది. సరేనన్నాను.

కాటేజీకి బయల్దేరిన రోజు కారులోకి ఎక్కినవి బియ్యం బస్తా, కుక్కరు, పోపుల పెట్టె, కారమ్స్ బోర్డు, ఐస్ పెట్టెలో పెరుగు, మడత కుర్చీలు నాలుగు. కారు మీద గొడుగు. ఇల్లంతా మోసుకెళ్ళి ఇంకోచోట దింపి, ఇల్లు వదిలి వచ్చామని సంబరపడటం. మా తమ్ముడు విశ్రాంతికి టైంటేబుల్ వేసి ఫ్రిజ్‌కి అంటించాడు. ఏడింటికి నడక, పదింటికి పడవ, రెండింటి నుంచి నాలుగింటి దాకా నిద్ర. నిద్ర పట్టకపోతే తన పిల్లల్ని కసిరేవాడు.

ఇంట్లో నాలుగు పొయ్యిల మీద చేసే వంట మా మరదలు అక్కడ రెండు పొయ్యిల మీద చేసేది. మూడో రోజు పప్పు కుక్కరు దింపుతూ నన్నడిగింది.

"ఎలా ఉంది వదినా రెస్ట్?"

"నువ్వు వండుతున్నావు. నేను తరుగుతున్నాను. వాడు పడుకున్నాడు. ముగ్గురిలో ఒకడికి బాగానే ఉంది."

"మెల్లగా అనండి, వింటారు."

"విననీ. టైంటేబుల్‌లో రాసుకుంటాడు."

రెండో వారం మంగళవారం పొద్దున తమ్ముడు ప్లాంట్ నుంచి ఫోన్ వచ్చిందని, శనివారం వచ్చి మమ్మల్ని తీసుకెళ్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ కాటేజీలో ఫోనే లేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. విశ్రాంతిలో ఉన్నవాళ్ళకి బుర్ర కూడా విశ్రాంతిలోనే ఉంటుంది.

ఒక మాట దాచకుండా రాయాలి. బుధవారం మధ్యాహ్నం నేను మడత కుర్చీ నీళ్ళ పక్కకి లాక్కుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. అలాగే నిద్రపోయాను. లేచేసరికి ఎండ పక్కకి వాలింది. చేతివేళ్ళు వదులుగా ఉన్నాయి, సూది పట్టుకున్న గుర్తే లేనట్టు. బాగుంది. చాలా బాగుంది. ఈ సుఖం కోసమేనా వీళ్ళంతా ఇంత హంగామా చేస్తారు అనుకుని కాస్త మెత్తబడ్డాను కూడా. ఆ మధ్యాహ్నం సరిగ్గా అదే వేళకి మా తమ్ముడు నా షాపులో ఉన్నాడు.

శనివారం మమ్మల్ని వెనక్కి తీసుకొస్తూ వాడు ఇంటికి పోకుండా కారు షాపు ముందు ఆపాడు. ఆ షాపు అద్దెకి సంతకం పెట్టింది వాడే కాబట్టి ఒక తాళంచెవి వాడి దగ్గర ఉండేది. తలుపు తీసి, లైట్లన్నీ వేసి, చేతులు చాపి నిలబడ్డాడు.

"సర్‌ప్రైజ్! హ్యాపీ వెకేషన్ అక్కా!"

గోడలు తెల్లగా ఉన్నాయి. పెయింటు వాసన. బల్ల పక్కన కొత్త ఇనప బీరువా, దానికి ఎన్నో సొరుగులు. సొరుగులకి ఇంగ్లీషులో చీటీలు. గోడకి ఒక్క మేకు లేదు.

"పేలికలేవిరా?"

"అదే చూపిస్తున్నా. మొత్తం ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ చేశా." ఒక సొరుగు లాగాడు. టైపు కొట్టిన అట్టలు వరసగా. ఒకటి తీసి నాకు తెలుగులో చదివి వినిపించాడు. "ఎర్ర పట్టు, పచ్చ అంచు. ఇరవై ఆరున్నర అంగుళాలు."

"ఏమిటి ఇరవై ఆరున్నర?"

"దాని లెంగ్త్."

"పేలిక పొడుగా?"

"అవును. ఒక్కొక్కటీ రెండుసార్లు కొలిచా. క్రాస్ చెక్ కూడా చేశా. త్రీ డేస్ పట్టింది తెలుసా?"

"గాట్లు?"

"ఏ గాట్లు?"

"అంచుల మీద ఉంటాయి. ముడి నుంచి గాటు దాకా."

వాడు మా మరదలి వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూసింది.

"అవి... పాత గుడ్డలు కదా, చిరుగులు అనుకున్నా."

"నూట ముప్పై పేలికలకీ ఒకే రకంగా చిరుగులు పడతాయా? నువ్వు ఇంజనీరువేనా?"

"అక్కా, కూల్‌గా..."

"ఫ్యాక్టరీలో కూడా ఇదే పనా? కారు పొడుగు కొలిచి రాసుకుని ఇంజను పారేస్తావా? గుడ్డలెక్కడ పెట్టావో చెప్పు."

"వెనక డంప్‌స్టర్‌లో వేశా."

"పద తీద్దాం."

"నిన్న ఫ్రైడే కదా. ట్రక్ వచ్చి తీసుకెళ్ళింది."

నేను వెనక తలుపు తీసుకుని వెళ్ళి చూశాను. ఆ పెద్ద చెత్త తొట్టి ఖాళీ. అడుగున డోనట్ల కొట్టువాళ్ళ పిండి అంటుకుని ఉంది. తిరిగి వచ్చి వాడిని ఏమేం అన్నానో అన్నీ రాయను. మా అమ్మ ఉంటే ఆవిడ కూడా చెవులు మూసుకునేది. చివరికి వాడికీ రోషం వచ్చింది.

"నాకేం తెలుస్తుందక్కా? నువ్వెప్పుడైనా చెప్పావా? రెండేళ్ళ కింద అడిగా, ఈ గుడ్డలేంటి, ఎలా వర్క్ చేస్తాయి అని. నువ్వేమన్నావ్?"

గుర్తుంది. "నీకెందుకురా, నీ స్టాప్‌వాచీ నువ్వు చూసుకో" అన్నాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. చెప్పలేదు. డిగ్రీలున్నవాళ్ళంతా ఆ గోడ ముందు నిలబడి ఏమీ చదవలేక తెల్లమొహం వేస్తుంటే నాకు కడుపు నిండేది. చదువురాని దాన్ని, చదువుకున్నవాళ్ళు చదవలేనిది నా దగ్గర ఒకటుంది. ఆ మురిపెం కోసం దాచుకున్నాను. నాకు తప్ప ఎవరికీ తెలియనిది ఎవరికైనా చెత్తే కదా. వాడిని తిట్టినంత సేపూ ఈ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. అయినా తిట్టడం ఆపలేదు.

మా మరదలు బల్ల మీద ఒక పట్టు గుడ్డ పరిచింది. "మీ చేతికి గుర్తుంటాయి వదినా. ముప్పై ఏళ్ళ చెయ్యి. మొదలుపెట్టండి, అదే వస్తుంది."

ఇది కూడా చదువుకున్నవాళ్ళ మాటే. చేతికి గుర్తుంటుందట. సుద్ద పట్టుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ భుజం ఎంత? కళ్ళు మూసుకున్నాను. ఆవిడ ఎడమ భుజం పల్లమో కుడి భుజం పల్లమో తెలియలేదు. ఆవిడ నోరు ఒక్కటే గుర్తొచ్చింది, టోటల్‌గా స్విచ్ ఆఫ్ అంటూ. పెళ్ళికూతురిది అసలేమీ గుర్తు లేదు. అన్నీ పేలికకి అప్పజెప్పి ఒళ్ళు మర్చిపోయింది నేనే. సుద్ద కింద పెట్టేశాను. అరంగుళం తప్పు కోస్తే ఆ పట్టు మళ్ళీ రాదు. గుడ్డకి గుడ్డ జత చేసి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టలేను. ఒక్క పెళ్ళిలో జాకెట్టు చంకలో చిరిగితే ఆ కబురు ఆదివారం నాటికి డెట్రాయిట్ చుట్టుపక్కల ప్రతి తెలుగు వంటింట్లోకీ చేరుతుంది. ఆ తర్వాత ప్యాంట్ల అంచులు మడుచుకుంటూ కూర్చోవడమే.

మిగిలిన దారి ఒక్కటి. ఆది జాకెట్టు అడగడం.

ఆ సాయంత్రం ఇంట్లో తమ్ముడు కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని ఒక ఉపాయం చెప్పాడు.

"షాపులో పైప్ లీక్ అయిందని చెబుదాం. గుడ్డలన్నీ తడిసి పాడైపోయాయని. ఎవరూ నిన్నేమీ అనుకోరు. నాక్కూడా..." అని ఆగాడు.

"నీక్కూడా పరువు దక్కుతుంది."

"అది కాదక్కా."

"అదే."

మంచి అబద్ధమే. ఎవరినీ బాధపెట్టదు. అది చెబితే నా పాట్‌లక్ మాట కూడా చెక్కుచెదరదు: నేను మర్చిపోలేదు, నీళ్ళొచ్చాయి. ఆలోచించకుండా వదిలేశానని చెప్పను. అన్నం తింటున్నంత సేపూ ఆలోచించాను. పైపు ఎక్కడ పగిలిందో, ఎన్ని నీళ్ళొచ్చాయో కూడా మనసులో కుట్టుకున్నాను. అప్పుడు నా మీద నాకే రోత పుట్టింది. నూట ముప్పై మంది ఆడవాళ్ళ ముందు పైపు మీద నింద వేసి బతకడానికా ఇంత పొగరు?

మర్నాడు ఆదివారం. సోమవారం నుంచి ఫ్యాక్టరీ తెరుస్తారు, మా తమ్ముడికి మిగిలిన సెలవు ఆ ఒక్క రోజే. నేను స్నానం చేసి, చీర మార్చుకుని, ఎనిమిదింటికి వాడి గది తలుపు కొట్టాను.

"లేవరా. డాక్టరమ్మ ఇంటికి తీసుకెళ్ళు."

"సండే అక్కా! ఇవాళైనా రెస్ట్ తీసుకోనీ."

"రెండు వారాలు తీసుకున్నావుగా. దాని దెబ్బే ఇది. లే."

కారులో వాడు మళ్ళీ పైపు సంగతి ఎత్తాడు. తను మాట్లాడతానన్నాడు. నోరు మూసుకుని డ్రైవ్ చెయ్యమన్నాను.

డాక్టరమ్మ భర్త కూడా డాక్టరే. గుండె డాక్టరు. డ్రెస్సింగ్ గౌనులోనే వచ్చి తలుపు తీశాడు. వెనక టీవీ మోగుతోంది. భార్యా కూతురూ ఇండియాలో ఉన్నారు కాబట్టి ఆయనా విశ్రాంతిలో ఉన్నాడు. సోఫా మీద మూడు పిజ్జా డబ్బాలు.

"నమస్కారమండీ," అన్నాను. "మీ ఆవిడవీ, మీ అమ్మాయివీ జాకెట్ల కొలతలు నా దగ్గర లేవు. పోయాయి. నాకు రాయడం రాదు, ఇంకోచోట రాసి పెట్టుకోలేదు. చెరొక ఆది జాకెట్టు కావాలి."

మా తమ్ముడు నా వెనక బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు గారు టీవీ గొంతు తగ్గించాడు.

"ఆది జాకెట్ అంటే ఎలా ఉంటుందండీ?"

"మీ ఆవిడ వేసుకునే జాకెట్టులాగే ఉంటుందండీ."

ఆయన పైకి వెళ్ళి బట్టల బుట్ట నిండా జాకెట్లు పట్టుకొచ్చి నా ముందు దింపాడు. ముప్పైకి తక్కువుండవు. "ఇందులో మా ఆవిడవి ఏవో, అమ్మాయివి ఏవో... నాకు ఐడియా లేదండీ" అన్నాడు, అదేదో గొప్ప విషయమన్నట్టు నవ్వుతూ. పాతికేళ్ళ కాపురం. ఊళ్ళో వాళ్ళందరి గుండెల్లో ఏ గది ఎంతుందో తెలుసు.

కార్పెట్ మీద కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాను. ఇండియాలో కుట్టించినవి ఒక పక్కకి నెట్టేశాను. నా కుట్టు నాకు తెలుసు. వాటిలో హుక్కులు బాగా అరిగినవి చూశాను. అరిగాయంటే వేసుకుంటున్నారు, వేసుకుంటున్నారంటే ఒంటికి పట్టినట్టు. నడుము వెడల్పుగా ఉన్నది తల్లిది ఒకటి, సన్నగా ఉన్నది కూతురిది ఒకటి దొరికాయి. మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఆవిడ ఫోన్ చేస్తే కొలతలు పోయాయని చెప్పమన్నాను. చెప్పనవసరం లేదేమో, ఆవిడ రెస్ట్‌లో ఉంది కదా అన్నాడాయన. చెప్పండి అన్నాను మళ్ళీ.

కారెక్కాక తమ్ముడు ఇంటి వైపు తిప్పబోయాడు. కుడి వైపు తిప్పమన్నాను. ఆ వీధిలోనే ఇంకో రెండిళ్ళ వాళ్ళ పేలికలు పోయాయి. పక్క వీధిలో నలుగురివి. మధ్యాహ్నం లోపు తొమ్మిది ఇళ్ళకి వెళ్ళాను. ప్రతి గుమ్మంలోనూ నేనే నిలబడి, నా నోటితో నేనే ఆది జాకెట్టు అడిగాను.